మందిర ద్వారం వద్ద రెండు మాటలు

చర్చికి వెళ్లేవారి ఇళ్లలో సాధారణంగా బూతులు వినబడవు. కోపం ముంచుకొచ్చినా నోటికి కళ్లెం వేసుకోవాలని సండే స్కూలు రోజుల నుంచే మనకు నేర్పుతారు. అయినా మాటల దెబ్బ తిని, ఎవరికీ చెప్పకుండా చర్చి మానేసినవారు చాలా సంఘాల్లో ఉన్నారు. వాళ్లను నొప్పించినవి బూతులు కావు, శాపనార్థాలూ కావు. 'ఇంకా ఏమీ విశేషం లేదా అమ్మా?', 'ఒప్పుకోని పాపమేదో ఉండి ఉంటుంది, పరీక్షించుకో', 'విశ్వాసమే ఉంటే ఈపాటికి స్వస్థత దొరికేది కాదా?' వంటి మాటలు. తెల్లబట్టలు కట్టుకుని, చేతిలో బైబిలు పట్టుకుని, ఎంతో ఆప్యాయంగా దగ్గరికొచ్చి అనే మాటలివి. అన్నవారు ఆదివారం భోజనానికి ఇంటికి చేరేలోపే వాటిని మరిచిపోతారు. విన్నవారు మాత్రం ఏళ్ల తరబడి మోస్తారు. కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమని పెద్దలు ఊరికే అనలేదు.

బైబిలు ఈ విషయాన్ని దాచిపెట్టలేదు. మాట మనిషినెలా కుంగదీస్తుందో, మళ్లీ మాటే మనిషినెలా లేవనెత్తుతుందో చూపించే సంఘటన ఒకటి సమూయేలు మొదటి గ్రంథం మొదటి అధ్యాయంలోనే ఉంది. అది సంతలోనో వీధిలోనో జరిగింది కాదు. దేవుని మందిర ద్వారం దగ్గర జరిగింది. నోరు జారింది దేవుని యాజకుడే.

హన్నా విన్న మాటలు

ఎఫ్రాయిము మన్యంలో ఉండే ఎల్కానాకు ఇద్దరు భార్యలు. పెనిన్నాకు పిల్లలున్నారు, హన్నాకు లేరు. ఏటేటా కుటుంబమంతా కలిసి షిలోహులోని మందిరానికి ఆరాధనకు వెళ్లేవారు. పండుగంటే అందరికీ సంతోషమే. హన్నాకు మాత్రం అది పాత గాయం మళ్లీ రేగే రోజు. బలి అర్పించాక ఎల్కానా పెనిన్నాకు, ఆమె కొడుకులకు, కూతుళ్లకు వంతులు పంచేవాడు. ఆ పంపకాల్లోనే హన్నా లేమి అందరి కళ్లకూ కట్టేది. సరిగ్గా ఆ సమయంలోనే పెనిన్నా ఆమెను సూటిపోటి మాటలతో పొడిచేది. ఏమనేదో బైబిలు రాయలేదు. రాయనక్కర కూడా లేదు. పిల్లల్లేని స్త్రీని ఏమంటే ఏడుస్తుందో ప్రతి ఊరికీ తెలుసు. హన్నా ఏడుస్తూ భోజనం మానేసేది (1 సమూ 1:7).

భర్త ఎల్కానా చెడ్డవాడు కాదు, ఆమెను నిజంగానే ప్రేమించాడు. ఎందుకేడుస్తున్నావు, ఎందుకు తినడం లేదు, నీ మనసెందుకు బాధపడుతోంది, పదిమంది కొడుకులకన్నా నేను నీకు ఎక్కువ కానా అని అడిగాడు (1:8). ఒకే వచనంలో నాలుగు ప్రశ్నలు! హన్నా జవాబు ఒక్కటీ అక్కడ లేదు. ఓదార్చాలనే తొందరలో ఉన్నవారు ఎదుటివారి మాట వినడం తరచుగా మరిచిపోతారు.

ఇంట్లో పొడుపు మాటలు, భర్తకు అర్థం కాని బాధ. ఇక దేవుడే దిక్కని హన్నా మందిరానికి వచ్చింది. మనసు విప్పి ఏడుస్తూ ప్రార్థించింది. పెదవులు కదిలాయే గానీ స్వరం వినబడలేదు. ద్వారబంధం దగ్గర ఆసనం మీద కూర్చున్న యాజకుడైన ఏలీ ఆమె నోటినే కనిపెట్టి చూశాడు. పండుగ రోజు, తిని తాగిన వేళ, పెదవులు కదులుతున్నా గొంతు పెగలని ఒక స్త్రీ. ఏలీ లెక్క తేల్చేశాడు. ఎంతసేపు ఇలా మత్తులో ఉంటావు, ద్రాక్షారసాన్ని నీ దగ్గరినుంచి తీసెయ్ అని గద్దించాడు (1:14). ఇశ్రాయేలులో ఆ రోజు అంత వేదనతో ప్రార్థించిన స్త్రీ మరొకరున్నారో లేదో గానీ, ఆ ప్రార్థన చేసిన ఆమెకు దక్కిన బిరుదు తాగుబోతు!

ఆమె స్థానంలో మరొకరుంటే ఏం జరిగేది? లేచి వెళ్లిపోయేవారు. మళ్లీ షిలోహు గడప తొక్కేవారు కాదు. సమూయేలు చరిత్ర అక్కడే ఆగిపోయి ఉండేదేమో! కానీ హన్నా మాటకు మాట అనలేదు, మింగుకుని మౌనంగానూ ఉండిపోలేదు. అయ్యా, అలాంటిదేమీ లేదు, నేను మనోదుఃఖంతో ఉన్నదాన్ని, నా ఆత్మను దేవుని ముందు కుమ్మరించుకుంటున్నాను, నన్నలాంటి స్త్రీగా ఎంచవద్దని మర్యాదగానే నిజం చెప్పింది (1:15-16). సాధువైన జవాబు కోపాన్ని చల్లార్చుతుందని సామెతల గ్రంథం చెప్పేది ఇదే (సామెతలు 15:1). సాధువుగా మాట్లాడడమంటే నిజాన్ని దాచుకోవడం కాదు. నిజాన్ని కత్తిలా కాక దీపంలా పట్టుకోవడం.

అప్పుడు ఏలీ రెండో మాట పలికాడు. ఈ వృద్ధ యాజకుణ్ణి ఇక్కడ మెచ్చుకోవాలి. ఇన్నేళ్ల సేవలో ఇలాంటివాళ్లను ఎంతమందిని చూడలేదని దబాయించలేదు. తన పెద్దరికాన్ని కాపాడుకోవడానికి వాదం పెట్టుకోలేదు. నీవేం అడుగుతున్నావో చెప్పు అని ఆరా కూడా తీయలేదు. హన్నా కోరికేమిటో అతనికి చెప్పినట్టు ఆ వాక్యభాగంలో ఎక్కడా లేదు. సమాధానంతో వెళ్లమన్నాడు. ఇశ్రాయేలు దేవుడు ఆమె మనవిని దయచేయాలని దీవించాడు (1:17). హన్నా వెళ్లి భోజనం చేసింది. ఆ తర్వాత ఆమె ముఖంలో దుఃఖం కనబడలేదని వాక్యం చెబుతోంది (1:18).

ఇక్కడ మనం తరచూ దాటేసే సంగతి ఒకటుంది. సమూయేలు పుట్టింది ఆ రోజు కాదు, కొంతకాలం గడిచాక (1:20). ఆ సాయంత్రానికి హన్నా ఒడి ఖాళీగానే ఉంది. పెనిన్నా నోరు మారలేదు. వంతుల లెక్కా మారలేదు. మారింది ఒక్కటే, ఆమె చెవిన పడిన మాట. రోజంతా ముద్ద మింగుడుపడని మనిషి చేత ఆ మాట భోజనం చేయించింది. దేవుడు అద్భుతం చేసేలోపు ఒక మనిషి బతికి ఉండడానికి చాలినంత బలం దయగల మాటకుంది. నొప్పించే మాట విషయంలో ఎందుకంత జాగ్రత్తగా ఉండాలో దీన్నిబట్టే తెలుస్తుంది. మాటకు నిలబెట్టే బలముందంటే పడగొట్టే బలం కూడా ఉన్నట్టే.

వినని చెవి, ఆగని నోరు

ఏలీ మొదటి మాట ఎందుకంత తప్పయింది? అతను దుర్మార్గుడు కాబట్టి కాదు. కళ్లు చూసినదాన్ని చెవులతో సరిచూసుకోకుండానే నోరు తెరిచాడు. సంగతి వినకముందే జవాబు చెప్పేవాడు తన మూఢత్వాన్ని బయటపెట్టుకుని సిగ్గుపడతాడని సొలొమోను హెచ్చరించాడు (సామెతలు 18:13). అలసినవాణ్ణి మాటతో ఊరడించే జ్ఞానం కోసం చాలామంది విశ్వాసులు, బోధకులు ప్రార్థిస్తారు. యెషయా గ్రంథంలో ప్రభువు సేవకుడు తనకు అలాంటి నాలుక అనుగ్రహించబడిందని చెబుతూ, ఆ వచనంలోనే, దేవుడు ప్రతి ఉదయం తన చెవిని మేల్కొలుపుతున్నాడని అంటాడు (యెషయా 50:4). నాలుకకు శిక్షణ చెవిలోనే మొదలవుతుందన్నమాట.

యోబు స్నేహితుల కథా ఇదే. ఎలీఫజు, బిల్దదు, జోఫరు అనే ముగ్గురూ దూరం నుంచి వచ్చి, గుర్తుపట్టలేనంతగా మారిపోయిన యోబును చూసి ఏడ్చారు. అతని పక్కనే నేలమీద ఏడు పగళ్లు, ఏడు రాత్రులు ఒక్క మాటైనా మాట్లాడకుండా కూర్చున్నారు (యోబు 2:13). వాళ్లు చేసిన పరిచర్య అంతటిలోకీ గొప్పది ఆ ఏడు రోజుల మౌనమే! తర్వాత నోళ్లు తెరిచారు, ఇక మూయలేదు. పదిమంది బిడ్డలను ఒకే రోజు పోగొట్టుకున్న తండ్రి ముందు కూర్చుని, వాళ్లు పాపం చేశారు కాబట్టే దేవుడు వాళ్లను దానికి అప్పగించాడన్నట్టు మాట్లాడాడు బిల్దదు (8:4). ఇంకెంతకాలం నన్ను మాటలతో నలగగొడతారని యోబు మూలిగాడు (19:2). వాళ్లు మాట్లాడింది దేవుని పక్షంగానే. దేవుని నీతిని సమర్థించడానికే అంత శ్రమపడ్డారు. కానీ చివరికి దేవుని కోపం రగులుకున్నది వాళ్ల మీదే. ఏడు ఎద్దులు, ఏడు పొట్టేళ్లు తీసుకుని వెళ్లి బలి అర్పించమని, యోబు వాళ్లకోసం ప్రార్థన చేస్తాడని దేవుడు చెప్పాడు (42:7-8). దేవుని పేరు చెప్పి మనిషిని గాయపరిస్తే దేవుడు తన పేరుకు మురిసిపోడు. గాయపడినవాడి గడపకే మనల్ని తిరిగి పంపుతాడు.

పుట్టు గుడ్డివాణ్ణి చూసిన శిష్యులు కూడా, వీడు పాపం చేశాడా, వీడి తల్లిదండ్రులా అని అడిగారు (యోహాను 9:2). వారికది ఒక సిద్ధాంత చర్చ. అతనికి కళ్లు లేవు గానీ చెవులున్న సంగతి ఎవరికీ తట్టలేదు! యేసుక్రీస్తు ఆ రెండింటినీ కాదని, అతనిలో దేవుని క్రియలు వెల్లడి కావాలని చెప్పి స్వస్థపరిచాడు. శిష్యులు ప్రశ్నగా అడిగిన మాటనే తర్వాత పరిసయ్యులు తీర్పుగా చెప్పి అతణ్ణి వెలివేశారు (9:34). అలా వెలివేయబడినవాణ్ణి వెతికి పట్టుకుని మరీ మాట్లాడాడు ప్రభువు (9:35). మన సంఘంలో ఎవరి మాటల వల్లో దూరమైనవారిని చివరిసారిగా ఎవరు వెతికారు?

కుళ్లిన చేపా, ఉప్పూ

ఎఫెసీ సంఘానికి రాస్తూ పౌలు, ఎలాంటి చెడ్డ మాటనూ నోట రానివ్వవద్దన్నాడు (ఎఫెసీ 4:29). తెలుగు బైబిలులో అక్కడ దుర్భాష అనే మాట ఉండడంతో అది బూతులకే సంబంధించిందని మనం తేలిగ్గా దాటేస్తాం. గ్రీకు మూలంలో పౌలు వాడిన పదం 'సప్రోస్'. కుళ్లిపోయినది, పాడైపోయినది అని దానికి అర్థం. వలలో పడిన చేపల్లో మంచివాటిని గంపల్లోకి ఏరుకుని చెడ్డవాటిని పారేస్తారని ప్రభువు చెప్పిన ఉపమానంలో (మత్తయి 13:48) ఆ చెడ్డ చేపలకు వాడిన పదం కూడా ఇదే. చేపల మార్కెట్టుకు వెళ్లేవారికి దీన్ని వివరించనక్కర్లేదు. కుళ్లిన చేప ఆకారంలో చేపలాగే ఉంటుంది. వాసన చూస్తే గానీ బయటపడదు. కుళ్లిన మాట కూడా అంతే. పైకి సలహాలాగా, సాక్ష్యంలాగా, ఆత్మీయ హెచ్చరికలాగా కనబడుతుంది.

కొన్నిసార్లు ప్రార్థనాంశంలాగా కూడా కనబడుతుంది. 'ఫలానా వాళ్ల అమ్మాయి విషయం విన్నారా, ఎవరికీ చెప్పకండి, ప్రార్థన చేయండి' అంటూ మొదలైన కబురు స్త్రీల కూటం ముగిసేలోపే వీధి దాటుతుంది. ఇప్పుడు చేతిలో ఫోన్ ఉంది, సంఘానికో వాట్సాప్ గ్రూపు ఉంది. ఒకప్పుడు నలుగురి మధ్య ఉండే మాట ఇప్పుడు నాలుగు వందల మందికి నిమిషంలో చేరుతోంది. ఆ కుటుంబం కోసం నిజంగా మోకరించినవారు ఎందరో దేవునికే తెలియాలి. ప్రార్థించడానికి వివరాలన్నీ అక్కర్లేదు. హన్నా మనవి ఏమిటో తెలియకుండానే ఏలీ దీవించాడు కదా!

కుళ్లకుండా ఉండడానికి ఉప్పు వేస్తారు. మన సంభాషణ ఎప్పుడూ కృపతో కూడి, ఉప్పు వేసినట్టుగా ఉండాలని పౌలు కొలస్సీ సంఘానికి రాశాడు (కొలస్సీ 4:6). ఎఫెసీ పత్రికలోనూ, మాట ఎదుటివారి అవసరానికి తగినదై వారిని కట్టాలనీ, వినేవారికి కృపను అందించాలనీ అన్నాడు. ఆ వెంటనే వచ్చే మాట పరిశుద్ధాత్మను దుఃఖపెట్టవద్దని! (ఎఫెసీ 4:30). ఒక చెల్లెలిని నొప్పించాననుకుంటాం. పౌలు ప్రకారం ఆమెలో నివసించే ఆత్మదేవుణ్ణీ దుఃఖపెట్టామన్నమాట.

మెత్తన అంటే మొహమాటం కాదు

అయితే తప్పును తప్పని చెప్పకూడదా? చెప్పాలి. దీనికి కూడా ఏలీ ఇంట్లోనే జవాబుంది. అతని కొడుకులు హొఫ్నీ, ఫీనెహాసు మందిరంలోనే నైవేద్యాలను దోచుకున్నారు, స్త్రీల విషయంలో ఘోరంగా ప్రవర్తించారు. ఏలీ వాళ్లను మందలించాడు గానీ అడ్డుకోలేదు. దేవుడు అతని మీద మోపిన దోషం అదే (1 సమూ 3:13). హెబ్రీ మూలంలో ఇక్కడ గమనించదగ్గ పదం ఒకటుంది. నన్నలా ఎంచవద్దని హన్నా బతిమాలినప్పుడు వాడిన పదం 'బెలియ్యాల్', అంటే పనికిమాలినతనం, దుష్టత్వం. తర్వాతి అధ్యాయంలో గ్రంథకర్త సరిగ్గా ఆ పదాన్నే ఏలీ కొడుకులకు వాడాడు (2:12). తెలుగు అనువాదంలో ఈ పోలిక కనబడదు. హన్నాకు అంటగట్టబోయిన ఆ పేరు నిజానికి యాజకుడి ఇంట్లోవాళ్లది! నిర్దోషి మీద గట్టిగా పడిన నోరు దోషుల దగ్గర నీళ్లు నమిలింది.

మన సంఘాల్లో కూడా కాఠిన్యం తరచూ తప్పుడు చిరునామాకే చేరుతుంది. కానుక ఎక్కువిచ్చే పెద్దమనిషి తప్పు చేస్తే నోరు మెదపం. భర్త పోయిన ఆడబిడ్డ కాస్త మంచి చీర కట్టుకుంటే నలుగురం మాట్లాడతాం. యేసుక్రీస్తు దీనికి పూర్తిగా భిన్నంగా నడిచాడు. ఇతరుల మీద మోయలేని బరువులు పెట్టిన మతపెద్దలతో ఆయన కఠినంగా మాట్లాడాడు (మత్తయి 23:4). పన్నెండేళ్లు రక్తస్రావంతో నలిగి, ఉన్నదంతా వైద్యులకు ఖర్చుపెట్టి, వణుకుతూ కాళ్లమీద పడిన స్త్రీని జనమందరి ముందూ కుమారీ అని పిలిచాడు (మార్కు 5:34). స్వస్థత ఆమె శరీరానికి అప్పటికే దొరికింది. ఆ పిలుపు ఆమె మనసుకు కావాలి. అందుకే ప్రభువు ఆమెను గుంపులోంచి బయటికి రప్పించాడు.

ఈ ఆదివారం నుంచే

మన సంఘాల్లో హన్నాలు ఈనాటికీ ఉన్నారు. ప్రపంచంలో ప్రతి ఆరుగురిలో దాదాపు ఒకరు జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు సంతానలేమిని ఎదుర్కొంటున్నారని 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ తెలిపింది. కారణం భార్యలో ఉండవచ్చు, భర్తలో ఉండవచ్చు, ఇద్దరిలోనూ ఉండవచ్చు, అసలు తేలకనూపోవచ్చు. పసిబిడ్డను ప్రతిష్ఠించే ఆదివారం నాడు వెనుక వరుసలో కూర్చుని చప్పట్లు కొట్టే ఆ జంటను ఆరా తీసే ప్రశ్నలు వేయకపోవడమే ఆ రోజుకు మనం చేయగల పెద్ద పరిచర్య. పిల్లవాడు పరీక్ష తప్పిన ఇంటికి వెళితే పక్కింటివాడి మార్కులు ఎత్తకుండా ఉందాం. చావు ఇంటికి వెళితే అంతా దేవుని చిత్తమని గుమ్మంలోనే తేల్చి చెప్పకుండా కాసేపు కూర్చుందాం. లాజరు సమాధి దగ్గర, అతణ్ణి లేపబోతున్నానని తెలిసి కూడా ప్రభువు ముందు కన్నీళ్లు పెట్టుకున్నాడు (యోహాను 11:35). మనసు బరువెక్కినవాడి ముందు పాటలు పాడడం చలిరోజున ఒంటిమీది బట్ట లాగేయడం లాంటిదని సామెతల గ్రంథం అంటుంది (సామెతలు 25:20). పాట మంచిదే, వేళ మంచిది కాదు.

ఎవరినైనా ఇప్పటికే నొప్పించి ఉంటే ఏలీకి దొరికిన అవకాశం మనకూ ఉంది. అతని మొదటి మాట చరిత్రలోంచి చెరిగిపోలేదు, కానీ అది చివరి మాటగా మిగలలేదు. వాళ్ల ఇంటికి వెళ్లి, 'ఆ రోజు నేనలా అనకుండా ఉండాల్సింది' అని ఒక్క మాట చెప్పడానికి వేదాంతం చదవనక్కర్లేదు. వేదిక ఎక్కేవారికైతే ఈ బాధ్యత రెట్టింపు. నాలుక గురించి యాకోబు రాసిన ప్రసిద్ధమైన అధ్యాయం మొదలయ్యేదే బోధకులకు హెచ్చరికతో, వారికి మరింత కఠినమైన తీర్పు ఉంటుందని (యాకోబు 3:1). దేవుణ్ణి స్తుతించే నోటితోనే ఆయన పోలికలో పుట్టిన మనిషిని శపించడం తగదని ఆయన వాపోయింది ఆ అధ్యాయంలోనే (3:9-10). పుల్పిట్ మీదినుంచి పేరు చెప్పకుండా ఒకరిని గుచ్చితే సంఘమంతటికీ ఆ ఒక్కరెవరో తెలుస్తుంది. ఆ ఒక్కరు మాత్రం మళ్లీ తలెత్తుకుని ఆ మందిరంలోకి రాలేరు.

ఆ రోజు మందిర ద్వారం దగ్గర తాగుబోతు అనిపించుకున్న స్త్రీ తర్వాత తన బిడ్డను తెచ్చి ఆ ఏలీ చేతుల్లోనే పెట్టింది. ఏటేటా అతని దీవెన అందుకుంది, ఇంకా ముగ్గురు కొడుకులను, ఇద్దరు కూతుళ్లను కన్నది (1 సమూ 2:20-21). ఏలీ కళ్లు మసకబారినప్పుడు, అతనే పిలిచాడనుకుని అతని దగ్గరికి పరిగెత్తింది ఆ బిడ్డే. మాటల గాయం తగిలిన తల్లికి పుట్టి, ఒక దీవెన మాట నీడలో పెరిగిన ఆ సమూయేలు గురించి వాక్యం ఒక గొప్ప సాక్ష్యమిస్తోంది. అతని మాటల్లో ఒక్కటి కూడా దేవుడు నేల రాలనివ్వలేదట (3:19). నేల రాల్చనక్కర్లేని మాటలు మన నోట ఈ వారం ఎన్ని ఉంటాయో చూద్దాం.